బొంతకు కొలత ఎంత?

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఊళ్లలో మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆడవాళ్లు అరుగుల మీద క్రోషే సూదులతో కూర్చుంటారు. ఒకరు దారంతో పువ్వులు అల్లుతారు. మరొకరు ఆ పువ్వులన్నీ కలిపి అతుకుపని చేస్తారు. ఆ పక్క ఇంట్లోనో, అదే ఇంట్లోనో పాత చీరలతో బొంత కూడా తయారవుతూ ఉంటుంది. రెండూ ముక్కలు కలిపే విద్యలే. లేసులో చిన్న తేడా వచ్చినా పని చెడుతుంది. బొంత మాత్రం తేడాలను తనలో కలుపుకుంటుంది. ముక్కల కుట్టు నేర్చుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: కొలత పట్టుకుంటే సరదా పోతోంది, సరదాగా కుడితే వంకర పోతోంది, ఏం చేయాలి? ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది.

ఈ గోదావరి డెల్టాకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇందులో కొలత ఎందుకంత ముఖ్యమంటే, ఒక్క టేబుల్ గుడ్డ వెనక ఎన్నో చేతులుంటాయి. దారం బిగించి పట్టే చేతిలో పువ్వు చిన్నదవుతుంది, వదులుగా పట్టే చేతిలో పెద్దదవుతుంది. ఆ రెండూ పక్కపక్కన అతికితే గుడ్డ బల్ల మీద పరుచుకోదు, ఉబ్బుతుంది. అందుకే నమూనా చూసి గొలుసులు లెక్కపెట్టి అల్లాలి. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషుల మధ్య ఆ లెక్కే ఒప్పందం. అయితే ఇంత నిక్కచ్చి పనికి దక్కే కూలి ఎంత తక్కువో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు మహిళల మీద 1982లో వెలువరించిన పుస్తకంలో వివరంగా చూపించారు. కొలతా కూలీ రెండూ పరాయివాళ్లు నిర్ణయించినప్పుడు పనిలో సంతోషానికి చోటు తగ్గుతుంది.

బొంత ఇంటి సొంతం. దానికి చేతే కొలబద్ద: వేలు, బెత్త, జాన, మూర. నా జానా మీ జానా ఒకటి కాకపోవచ్చు, దానివల్ల నష్టం లేదు. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా ఒకే మనిషి జాన వాడాలి, అంతే. నలుగురు కలిసి కుట్టినా ముక్కలు తీసేది ఒక్కరైతే మంచిది.

బొంత పనితనం కుట్టులో కంటే ముందు గుడ్డ ఎంపికలో ఉంది. డెల్టాలోని బండార్లంక ఊరి నేత చీరలు, నేత పంచెలు ఉతికి ఉతికి మెత్తబడ్డాక బొంతకు బాగా పనికొస్తాయి. అవి అప్పటికే కుంచించుకుపోయి ఉంటాయి. వాటి మధ్య కొత్త గుడ్డ పెడితే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుని చుట్టుపక్కల ముక్కల్ని లాగేస్తుంది. ముక్కల్ని కత్తిరించే బదులు చిన్న గాటు పెట్టి చించడం మేలు. నేత గుడ్డ పోగు వెంబడే చిరుగుతుంది కాబట్టి గీత గీయకుండానే అంచు తిన్నగా వస్తుంది.

అతుకు దగ్గర మాత్రం లెక్క తప్పకూడదు. ఒక వరసలో 12 ముక్కలుంటే 11 అతుకులు. ప్రతి అతుకులోనూ రెండు ముక్కల అంచులు లోపలికి పోతాయి. ఒక్కో అంచు అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ పోయినా వరస మొత్తం మీద 2.75 అంగుళాలు తగ్గుతుంది. ఆ వరసను పై వరసతో కలపబోతే మూలలు ఎక్కడా కలవవు. అందుకే లోపలికి మడిచే అంచు అన్ని ముక్కలకూ ఒకేలా ఉండాలి.

తర్వాత పొరలు. 5.5 మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే సుమారు 1.8 మీటర్ల పొడవు, మూడు పొరలు వస్తాయి. ఒక మనిషి కప్పుకోవడానికి అది చాలు. దాన్ని నేల మీద పరిచి, పైన ముక్కలు అతికిన గుడ్డ వేసి, నాలుగు మూలలా బరువులు పెట్టి, మధ్య నుంచి అంచులకు ముడతలు తోసుకుంటూ పెద్ద పెద్ద టాకాలు వేయాలి. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడిమికి చేరి అక్కడే ఉండిపోతాయి. ఆపైన లావు నూలు దారంతో సాదా కుట్టు, వరసకూ వరసకూ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం. ఎడం మరీ ఎక్కువైతే ఉతికినప్పుడు పొరలు జారి ఉండలు కడతాయి. మరీ దగ్గరైతే బొంత బిగుసుకుపోయి మెత్తదనం పోతుంది. కుట్టు పొడవు కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు, సూది అన్ని పొరల్లోంచీ దిగిందా లేదా అన్నది ముఖ్యం. అప్పుడప్పుడు తిప్పి చూసుకుంటే తెలిసిపోతుంది.

అతుకు అంచు, పొరల పరుపు, కుట్టు లోతు: కచ్చితంగా ఉండవలసినవి ఈ మూడే. బొంత బరువును, ఉతుకును, ఏళ్ల వాడకాన్ని తట్టుకునేది వీటి వల్లే. మిగతాదంతా కుట్టేవాళ్ల ఇష్టం. ఏ రంగు పక్కన ఏ రంగు, ఏ చీర అంచు నడిమికి రావాలి, ముక్క చాలకపోతే ఏ గుడ్డ జోడించాలి అన్న వాటికి నియమం లేదు. అమెరికాలోని అలబామాలో జీస్ బెండ్ అనే పల్లె నల్లజాతి మహిళలు పాత పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు కళాప్రపంచం అబ్బురపడింది. ఆ గీతలు తిన్నగా ఉండవు, ఆ గళ్లు సమానంగా ఉండవు. అయినా అవి దశాబ్దాల పాటు మంచాల మీద చలి కాచిన దుప్పట్లు. వాటి బలం వేరే చోట ఉంది, అందం వేరే చోట ఉంది.

డెల్టా ఉక్కకు, ఉప్పుగాలి చెమ్మకు నూలు బొంత బాగా నప్పుతుంది. దూది పరుపును ఉతకలేం, బొంతను ఉతికి ఎండలో పడేస్తే సాయంత్రానికి ఆరుతుంది. పసిపిల్లల ఒంటికి గుచ్చుకోదు. ఇప్పుడు ఇళ్లలో పాలిస్టర్ చీరలు పెరిగాయి. అవి చెమట పీల్చవు, పొరలుగా పరిస్తే జారిపోతాయి. నేత చీరల వాడకం తగ్గే కొద్దీ బొంతకు తగిన గుడ్డా తగ్గుతోంది. కాబట్టి పాత నేత చీర చేతిలో ఉండగానే ఈ పని నేర్చుకోవాలి. మొదట పసిపిల్లల బొంతంత చిన్నది చాలు. ముక్కలు చించడం, అంచు మడవడం పెద్దవాళ్లు చూసుకోవాలి. రంగుల వరస పిల్లల్ని పేర్చనివ్వాలి, వాళ్లు పేర్చినట్టే కుట్టాలి. మూడు చోట్ల గట్టిగా ఉన్న బొంత ఎన్ని రంగుల ఆటకైనా నిలబడుతుంది.