కాలిన మోటారు చెప్పే కబురు

నందిగామ, జగ్గయ్యపేట పొలాలు నాగార్జున సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో ఉన్నాయి. కాలువ నీరు అందనప్పుడు మిరపకైనా పత్తికైనా మోటారే దిక్కు. అది కాలిందంటే రైతు పరిగెత్తేది రివైండింగ్ షాపుకే. బోరులోకి దిగే సబ్‌మెర్సిబుల్ సంగతి వేరు. ఇక్కడ చెబుతున్నది మున్నేరు వాగు గట్టు మీద పెట్టే ఐదు హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు గురించి.

మూత విప్పగానే మేస్త్రి నలుపు ఎక్కడుందో చూస్తాడు. స్టార్ కనెక్షన్‌లో మూడింట రెండు వంతుల కాయిళ్లు మాడి, మిగతా వంతు మెరుస్తుంటే ఒక ఫేజు పోయిందన్నమాట. డెల్టాలో అయితే మాడేది ఒక్క వంతే. మొత్తం సమంగా నల్లబడితే లోడు ఎక్కువై ఉండాలి, లేదా ఓల్టేజీ పడిపోయి ఉండాలి.

పాత తీగ తీయడానికి నిప్పు పెట్టడం తేలిక. కానీ కాయిళ్లు కూర్చునే స్టేటరు ఒకే ఇనుప దిమ్మ కాదు. అర మిల్లీమీటరు రేకులకు సన్నటి పూత వేసి పేర్చినది. మంట ఎక్కువైతే పూత మాడి రేకుల మధ్యే కరెంటు తిరుగుతుంది. ఆ మోటారు ఇక ఎప్పుడూ వేడెక్కుతుంది, కరెంటూ ఎక్కువ తాగుతుంది. అందుకే పని తెలిసినవాడు ఒక పక్క కాయిళ్ల తలలు ఉలితో నరికి, రెండో పక్క నుంచి ఓపిగ్గా లాగుతాడు. నరికిన కొసలు లెక్కపెడితే చుట్లెన్నో తెలుస్తుంది. తీగ మందం మైక్రోమీటరు చెబుతుంది. పాత రాగి కరిగి మళ్లీ తీగవుతుంది.

ఇక కొత్త కాయిళ్లు చుట్టే లెక్క. ఉదాహరణకు, స్టేటరులో కాయిళ్లు దిగే గాడులు 36, పోల్స్ 4. నాలుగు పోల్స్ అంటే ఒక పూర్తి చుట్టుకు విద్యుత్ లెక్కలో 720 డిగ్రీలు, గాడికి 20. ఫేజుకూ ఫేజుకూ 120 డిగ్రీల ఎడం కావాలి కనుక ఆరేసి గాడులు. ఒకటి, ఏడు, పదమూడు: మూడు ఫేజులూ అక్కడ మొదలవుతాయి. ఆ అమరికతోనే, కదలని ఇనుములో నిమిషానికి 1500 చుట్లు తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది.

ఐటిఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లలో నేర్పేవాటిలో ఈ భాగహారం ఒకటి. పాతది చూసి చుట్టేవారిలోనూ గట్టి చేతులున్నాయి. అయితే అంతకుముందు ఎవరో తప్పు చుట్టిన మోటారు వస్తే చూసి చుట్టడానికి నమూనా ఉండదు. అప్పుడు లెక్కే దారి చూపుతుంది. కాయిళ్లు చుట్టే చేతి మిషను, మైక్రోమీటరు, ఇన్సులేషన్ చూసే మెగ్గరు, కరెంటు కొలిచే టంగ్ టెస్టరు ఉంటే షాపు నడుస్తుంది; పెద్ద అప్పు అక్కర్లేదు.

గాడుల్లో కాగితం పరిచి, కాయిళ్లు దించి, వెదురు పుల్లలు బిగించి, వార్నిష్ పోసి ఆరబెడతారు. మెగ్గరుతో చూశాకే కరెంటు ఇస్తారు. మేస్త్రి టంగ్ టెస్టరు మూడు తీగలకూ వరసగా తగిలిస్తాడు. మూడింటిలోనూ ఇంచుమించు ఒకే అంకె. అప్పుడే రైతు వంక చూస్తాడు.