విద్యుత్ప్రవాహమా, క్లోరినా?

విద్యుత్తు పారించిన ద్రవములో వైరస్‌లు శక్తి కోల్పోవుననుట అబద్ధము కాదు. కాని వాటిని దెబ్బతీయునది విద్యుత్తేనా అని అడుగువారు తక్కువ.

న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్యకళాశాలకు చెందిన విలియం లైమన్, స్టీవెన్ కాలీ అనువారు హెచ్.ఐ.వి. గల ద్రవములోనికి 50 నుండి 100 మైక్రోఆంపియర్ల ప్రవాహమును పంపగా, కణములను సోకు శక్తి ఆ వైరస్‌కు తగ్గినదని 1991లో ప్రకటించిరి. 1992లో కాలీ పేర అమెరికా పేటెంటు వెలువడినది. ప్రయోగశాలకు పరిమితమైనంతవరకు ఇది గమనింపదగిన పనియే. ఆ దశకములోనే రాబర్ట్ బెక్ అనునాయన దీనినే ఆధారముగా జూపి, మణికట్టుకు ఎలక్ట్రోడులు కట్టుకొని రక్తమును శుద్ధిచేసికొనవచ్చునని ప్రచారము సాగించెను. పేటెంటు కొత్తదనమునకు గుర్తింపేగాని, రోగము కుదురుననుటకు సాక్ష్యము కాదు.

చిన్న లెక్క వేసి చూతము. ఉప్పు కలిసిన ద్రవములో 100 మైక్రోఆంపియర్లు 10 నిమిషములు పారినచో 0.06 కులూంబుల విద్యుత్తు పోవును. ఫారడే నియమము ప్రకారము ధనధ్రువమువద్ద పుట్టగల క్లోరిన్, ఎంత ఎక్కువగా చూచినను, 22 మైక్రోగ్రాములు. ఇదేమంత అనిపించును. కాని ద్రవము 1 మిల్లీలీటరే అయినచో అది లీటరుకు 22 మిల్లీగ్రాములతో సమానము! మన తాగునీటిలో మిగిలియుండవలసిన క్లోరిన్ కనీసము లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మాత్రమే. న్యూయార్కు ప్రయోగములో జరిగినది ఇదేనని ఈ లెక్క తీర్పు చెప్పదు; విద్యుత్తుకు యశస్సు కట్టబెట్టుటకు ముందు ఈ కారణమును తోసిపుచ్చవలెనని చెప్పును. ముందుగా ప్రవాహము పంపి, ఆపి, అటుపిమ్మట ఆ ద్రవములో వైరస్‌ను వేసి చూచిన సగము సంగతి తేలిపోవును.

2003లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో ఇ.కోలి బాక్టీరియాకంటె బాక్టీరియాఫేజ్ వైరస్‌లే ప్రవాహమునకు ఎక్కువగా తట్టుకొన్నవి. ఆక్సీకరణమును అడ్డగించు గ్లూటాథయోన్ చేర్చగా బాక్టీరియాకు కొంత రక్షణయు లభించినది.

మణికట్టు సంగతి వేరు. విద్యుద్విశ్లేషణము ఎలక్ట్రోడు తాకినచోటనే, అనగా చర్మముమీదనే, జరుగును. లోపల రక్తములో అయానులు కదలుటయేగాని క్లోరిన్ పుట్టదు. పుట్టినదనుకొన్నను, 5 లీటర్ల రక్తములో అది లీటరుకు 0.0044 మిల్లీగ్రాములు. పైగా హెచ్.ఐ.వి. రక్తములో తేలుచు మాత్రమే ఉండదు, తెల్లకణముల డి.ఎన్.ఎ.లో చేరి దాగియుండును. పెట్టెను నమ్మి మందులు మానినవారిలో చాలమందికి కొలది వారములలోనే వైరస్ రక్తములో మరల పెరుగును.