నీలి రంగు అంటని నీలి పండు

తూర్పు ఆస్ట్రేలియా వర్షారణ్యాల్లో వాగుల ఒడ్డున పెరిగే నీలి క్వాండాంగ్ చెట్టు 30 మీటర్లు దాటి ఎదగగలదు కాబట్టి, దాని ఆకునైనా పువ్వునైనా అందుకుని చూడటం సాధారణంగా కుదరదు. గుర్తుపట్టే పనంతా చెట్టు కింద రాలిన వాటితోనే సాగుతుంది. ముదురాకులు రాలే ముందు ఎర్రబారి, పచ్చని గుబురులో అక్కడక్కడ మెరవడం ఈ చెట్టు స్వభావం. రాలిన ఎర్రాకు అంచును వేలితో తడిమితే సన్నని రంపపు పళ్లు తగులుతాయి. అయితే చెట్లను కొత్తగా నేర్చుకునేవారి చూపు ఆకు మీద నిలవక, పక్కనే పడి ఉన్న 2–3 సెంటీమీటర్ల నీలి పండు మీదికి పోతుంది. పొరపాటు జరిగేది అక్కడే.

క్వీన్స్‌లాండ్ అడవుల్లోని క్యాసోవరీ ప్లమ్ చెట్టుకూ నీలి పండ్లే కాస్తాయి. అది గన్నేరు కుటుంబానిది, విషవృక్షం. దాని ఆకు తొడిమను తుంచితే పచ్చగన్నేరుకు కారినట్టే పాలు కారతాయి, క్వాండాంగ్‌కు కారవు. రంగును నమ్మడం కంటే తొడిమను తుంచడం మేలు.

ఆ రంగు సంగతీ విచిత్రమైనదే. నేరేడు పండు నాలుకకు అంటించేది దాని కణాల్లో కరిగి ఉన్న వర్ణద్రవ్యం కాగా, క్వాండాంగ్ తొక్కలో అసలు నీలి వర్ణద్రవ్యమే లేదు. తొక్కలోని అతి సూక్ష్మమైన పొరల అమరిక కాంతిలోని నీలాన్ని వెనక్కి పంపడం వల్లనే ఆ రంగు కనిపిస్తుందని 1991లో వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ లీ 'నేచర్' పత్రికలో వివరించాడు. నెమలి పింఛంలో ఉన్నట్టి ఈ రంగును నిర్మాణవర్ణం అంటారు. అందుకే పండును వేళ్ల మధ్య నలిపితే పలుచని ఆకుపచ్చ గుజ్జే తప్ప నీలం చేతికి అంటదు.

గుజ్జు గీకేస్తే బయటపడే టెంకను తెలుగువారికి పరిచయం చేయనక్కర్లేదు. గుంటలు, ముడతలు, వాటిని విడదీస్తూ పైనుంచి కిందికి దిగే నిలువు గాడులు: అది రుద్రాక్షే. ఈ చెట్టునూ హిమాలయ ప్రాంతపు రుద్రాక్ష చెట్టునూ ఇలియోకార్పస్ అంగుస్టిఫోలియస్ అనే ఒకే జాతిగా లెక్కించే వృక్షశాస్త్రజ్ఞులున్నారు. జపమాలలో ముఖాలుగా లెక్కపెట్టేది ఈ గాడులనే. ఒక్కో గాడి లోపల గింజ ఉండే ఒక్కో గదికి గుర్తు. ఆ గదులు టెంకలో తరచుగా అయిదు కాబట్టి పంచముఖి చవకగా దొరుకుతుంది, ఏకముఖి ధర చుక్కలంటుతుంది.

ఎగరలేని భారీ పక్షి క్యాసోవరీ క్వాండాంగ్ పండ్లను నమలకుండా మింగుతుంది. అందువల్ల చెట్టు కింద ఒక్క పండూ మిగలని రోజుల్లో, అడవిదారిలో కనిపించే దాని రెట్టను పుల్లతో కదిలిస్తే, పూజగదిలో పట్టుగుడ్డ మీద ఉండవలసిన ఆ టెంకలు చెక్కుచెదరకుండా కనిపించవచ్చు.