రాతి మీద పుట్టింటి పేరు

మన జిల్లాలో నంగునూరు మండలం నర్మెట్ట దగ్గర 2017లో పురావస్తు శాఖ తవ్విన రాకాసి గూడు, అంటే ఎప్పటిదో పాత రాతి సమాధి, సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దాని పైకప్పు బండ నలభై టన్నుల పైమాటే. పక్కకు తీయడానికి క్రేన్ తేవాల్సి వచ్చింది. అంత బండను అన్నేళ్ల కింద ఎంతమంది కలిసి లాగి ఉంటారో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది ఎవరి కోసమో తెలిపే అక్షరం ఒక్కటీ లేదు. అవి రాత రాని రోజులు.

రాళ్ల మీది రాతలు చదవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఊళ్లలో వీరగల్లులతో మొదలైన ఆ అలవాటు మెల్లగా సికింద్రాబాద్ కంటోన్మెంటు సమాధుల దాకా, కోఠీ రెసిడెన్సీ వెనక ఉన్న చిన్న స్మశానం దాకా తీసుకుపోయింది. తెల్లదొరల సమాధులన్నీ ఒకటే అనుకుంటాం గానీ, వాళ్లలో స్కాట్లాండ్ వాళ్ల తీరు వేరు. ఇంటి నుంచి వేల మైళ్ల దూరంలో మట్టిలో కలిసిన స్కాట్ సిపాయి వంశాన్ని వెతకాలంటే రెండు రాళ్లు కావాలి. ఒకటి ఇక్కడ అతని మీద ఉన్నది. రెండోది అక్కడ, అతని తల్లిదండ్రుల మీద ఉన్నది.

ఆ రెండోది ఎలా ఉంటుందో మాదిరికి చెప్తాను. పల్లె చర్చి ఆవరణలో మోకాలెత్తు ఇసుకరాతి పలక. దాని మీద ఇలా ఉందనుకుందాం: తాపీమేస్త్రీ అలెగ్జాండర్ ఫ్రేజర్ తన భార్య జానెట్ మర్రే జ్ఞాపకార్థం నిలిపిన రాయి, ఆమె 1821లో 54వ ఏట చనిపోయింది, మద్రాసులో చనిపోయిన వారి కొడుకు జాన్ కూడా. ఇంతే. కానీ ఇందులో పనికిరాని మాట లేదు. మొగుడి పని తెలిసింది. 54వ ఏట అన్నారు కాబట్టి ఆమెకు నిండినవి 53 ఏళ్లే, అంటే పుట్టింది 1767లోనో 1768లోనో. ఇక్కడ తొందరపడి 54 తీసేసి ఆ ఒక్క ఏడే పట్టుకుంటే పుట్టిన ఏడు తప్పవచ్చు, చర్చి రిజిస్టర్లో ఆమె దొరక్కపోవచ్చు. కొడుకు శవం అక్కడ లేకపోయినా పేరు మాత్రం తల్లి పక్కన చెక్కించారు. దేశం దాటిన పిల్లలను ఇంటి రాయి మీద తలుచుకోవడం స్కాట్లాండ్‌లో తరచుగా కనిపించే పద్ధతి. ఇక్కడి రాయి మీద పలానా జిల్లా వాడు, పలానా రెజిమెంటు అని ఉంటే, అక్కడి రాయి మీద మద్రాసులో అని ఉంటుంది. రెండూ కలిస్తే మనిషి దొరికినట్టే.

ఈ మాదిరి రాతలో అన్నిటికన్నా నన్ను ఆపేసేది జానెట్ మర్రే అన్న పేరు. ఆమె ఫ్రేజర్ ఇంటి కోడలు. అయినా చనిపోయాక కూడా మర్రేల ఆడబిడ్డే. పెళ్లయ్యాక కూడా ఆడవాళ్లు పుట్టింటి పేరు వదలకపోవడం స్కాట్లాండ్ పాత ఆచారం. రాళ్ల మీద, రిజిస్టర్లలో అలాగే రాసుకున్నారు. అదే కాలపు ఇంగ్లండ్ రాయి మీద చాలాసార్లు భర్త ఇంటిపేరే ఉంటుంది, ఆమె ఎవరి బిడ్డో అక్కడితో తెగిపోతుంది. స్కాట్లాండ్‌లో మాత్రం తల్లి వైపు, ఆ తల్లి తల్లి వైపు కూడా దారి తెరుచుకునే ఉంటుంది. దానికి తోడు పేర్లు పెట్టడంలో ఒక వరస ఉంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. మనకిది కొత్తేం కాదు, మన ఇళ్లలోనూ తాత పేరు మనవడికి వస్తుంది కదా. అయితే ఈ వరసను ఆనవాలుగా తీసుకోవాలి తప్ప రుజువుగా కాదు. రుజువు రిజిస్టర్లలో చూసుకోవాలి. స్కాట్లాండ్‌లో 1854 దాకా చర్చి పారిష్ రిజిస్టర్లు, 1855 నుంచి ప్రభుత్వ జనన మరణాల నమోదు. ఇక్కడ చనిపోయినవాళ్ల వివరాలు ఈస్టిండియా కంపెనీ కాలపు పాదిరీలు రాసి లండన్‌కు పంపిన నకళ్లలో ఉన్నాయి, అవిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రం. నిజాం రాజ్యంలోని సమాధుల రాతలను క్రాఫ్టన్ అనే అధికారి పోగుచేసి 1941లో హైదరాబాద్‌లో పుస్తకంగా వేయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీకి అదే పనిని 1905లో జూలియన్ కాటన్ చేసి పెట్టాడు.

రాళ్ల మీది రాతలు చదివి దించే ఈ పనికి పొద్దున ఏడు గంటల ఎండ కావాలి. వెలుతురు ఏటవాలుగా పడితే గీత గీతలో నీడ నిలుస్తుంది, మధ్యాహ్నం నున్నగా కనిపించిన రాయి పొద్దున మాట్లాడుతుంది. చెట్టు నీడలో ఉంటే చిన్న అద్దంతో ఎండను పక్కనుంచి మళ్లించాలి. 1కీ 7కీ, 3కీ 8కీ తేడా కంటికి అందకపోతే వేలితో తడిమి చూస్తాను. సుద్ద రాయడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం పొరపాటున కూడా చేయకూడదు, ఇసుకరాయి పొరలు పొరలుగా ఊడి అక్షరాన్ని తీసుకుపోతుంది. పంక్తి ఎక్కడ తెగిందో అక్కడే తెంపి నోటుబుక్కులో దించాలి. పోయిన అక్షరానికి చుక్క పెట్టాలే తప్ప ఊహతో పూరించకూడదు. పక్క సమాధులు కూడా రాసుకోవాలి, చుట్టాలు పక్కపక్కనే పడుకుంటారు.

ఇలా నకలు తీసే పనిలో మనకు దారి చూపినవాళ్లలో ఒకడు స్కాట్లాండ్ నుంచి వచ్చినవాడే. కాలిన్ మెకంజీ. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో వర్తకుడి ఇంట్లో పుట్టి, అక్కడి కస్టమ్స్‌లో పనిచేసి, 1783లో మద్రాసులో దిగాడు. ఏలూరు నుంచి వెళ్లిన కావలి వెంకట బొర్రయ్య, తమ్ముడు లక్ష్మయ్య ఆయనకు కళ్లయ్యారు, నోరయ్యారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. వాళ్లంతా తిరిగి దించిన శాసనాల నకళ్లు 8,076. మూల రాయి పగిలి, గోడలో కలిసి, సున్నం కింద పూడిపోయిన ఊళ్లకు ఈనాటికీ ఆ నకలే దిక్కు. మెకంజీ మళ్లీ స్వదేశం చూడలేదు. 1821 మే 8న పోయాడు, కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ స్మశానంలో ఉన్నాడు. మన రాళ్లను చదివించిన ఆయన కోసం స్టోర్నోవే వాళ్లు కలకత్తా రాయి చదవాలి. ఏలూరు అన్నదమ్ముల పేర్లు మాత్రం మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ బాధ నాకుంది.

ఈ రాళ్లు చదివి చదివి మా ఊరి బొందలగడ్డకు పోతే కడుపులో దేవినట్టయింది. మా నాయనమ్మ గోరీ మీద ఆమె పేరు, మా తాత ఇంటిపేరు, పోయిన తారీఖు. పుట్టింటి పేరు లేదు, పుట్టిన ఊరు లేదు. చుట్టూ ఉన్న గోరీలన్నీ అంతే. పెత్రమాస నాడు బియ్యం ఇచ్చేటప్పుడు కూడా ఆమెను మా గోత్రంలోనే తలుస్తాం. ఆమె అన్నదమ్ముల పిల్లలు ఎక్కడున్నారో అడగడానికి మా మేనత్త ఒక్కతే మిగిలింది. మొన్న ఆమె దగ్గర కూర్చుని నాలుగు పేజీలు రాసుకొచ్చాను. నాయనమ్మవాళ్ల ఇంటిపేరు, ఊరు, తల్లి పేరు, ఆ తల్లి ఏ ఇంటి ఆడబిడ్డో కూడా దొరికాయి. గోరీ మీద పెయింటుతో రాసిన పేరు నాలుగు వానలకు పోతుంది. అందుకని నల్లరాయి మీద చెక్కే మనిషికి ఆ వివరాలన్నీ రాసిచ్చాను. అతను అక్షరానికింత అని లెక్కగట్టి, పుట్టింటి వివరం ఎందుకు సార్, తీసేస్తే తగ్గుతుంది కదా అన్నాడు. ఉంచమన్నాను. మీ ఇంట్లో పలక చెక్కించే పని పడినప్పుడు మీరు కూడా ఉంచమనండి. అంతకు ముందే మీ మేనత్త దగ్గర కూర్చుని రాసుకోండి.