పెన్సిల్ సెల్లు: రూపం ఒకటి, గుణాలు మూడు

పెన్సిల్ సెల్లు ఇమ్మని కిరాణా కొట్టులో అడిగితే చాలావరకు జింక్-కార్బన్ సెల్లే చేతికొస్తుంది. అదే కొలతలో ఆల్కలైన్ సెల్లుంది, రీఛార్జి చేసుకునే నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లుంది. ధర ఒక్కటే చూసి చవకది నాసిరకమనో, ఖరీదైనది దండగనో తేల్చేస్తుంటాం. రెండూ తొందరపాటు తీర్పులే. సెల్లు మంచిచెడ్డలు అది నడిపే పరికరాన్ని బట్టి తేలాలి.

ముందు నిర్మాణం. జింక్-కార్బన్‌కు మూలం ఫ్రెంచి ఇంజనీరు జార్జి లెక్లాంషే 1866లో చేసిన సెల్లు. నేటి రూపంలో జింకు డబ్బాయే ఋణధ్రువం. వాడేకొద్దీ ఖర్చయ్యేదీ ఆ డబ్బా గోడే. 1950ల్లో లూయిస్ అర్రీ తీర్చిదిద్దిన ఆల్కలైన్ సెల్లులో జింకు పొడిగా మారి లోపలికి చేరింది, బయట ఉక్కు డబ్బా వచ్చింది. పొడికి ఉపరితలం ఎక్కువ కాబట్టి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వగలదు.

గోడ గడియారంలో ఈ తేడా దాదాపు తెలియదు. దానికి కావలసిన కరెంటు అతి స్వల్పం. జింక్-కార్బన్ సెల్లు సుమారు ఏడాది నడుపుతుంది. మోటారు బొమ్మకూ, పట్టీలో గాలి నింపే బీపీ మిషన్‌కూ వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మోటారు గుంజుకునే కరెంటుకు జింక్-కార్బన్ వోల్టేజీ కుంగిపోయి, సెల్లులో సత్తువ ఉండగానే పరికరం ఆగిపోతుంది. అర్ధరాత్రి పెద్దవాళ్ళకు బీపీ చూడాల్సి వచ్చే ఇంట్లో ఆ పొదుపు పనికిరాదు.

రీఛార్జి సెల్లుది 1.2 వోల్టులే, మిగతావాటిది 1.5 అని కొందరు వెనకాడతారు. ఆల్కలైన్ వోల్టేజీ వాడకంలో మెల్లగా జారుతూ పోతుంది. రీఛార్జి సెల్లు దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే నిలబడుతుంది. అందుకే పిల్లల బొమ్మలకూ వైర్‌లెస్ మౌస్‌కూ అదే మేలు. అయితే ఊరికే ఉంచినా దాని ఛార్జి తగ్గుతుంది. 2005లో సాన్యో కంపెనీ తెచ్చిన ఎనెలూప్ సెల్లుతో ఈ లోపం బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. 2014లో హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నం రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటి రాత్రుల కోసం దాచే టార్చికి ఏళ్ల తరబడి నిల్వ ఉండే ఆల్కలైనే తగినది.

కారడంలో మాత్రం చవకదీ ఖరీదైనదీ రెండూ దోషులే. జింక్-కార్బన్‌లో గోడ చిల్లుపడి రసం బయటికొస్తుంది. పూర్తిగా అయిపోయిన ఆల్కలైన్‌లో హైడ్రోజన్ వాయువు పెరిగి సీలు తెగుతుంది, స్ప్రింగుల మీద తెల్లగా పొక్కు కడుతుంది. చలికాలం వాడని ఏసీ రిమోట్‌లోంచి సెల్లు తీసేయాలి. పాతవాటితో కొత్తవి, ఒక రకంతో మరో రకం కలపకూడదు. బలమైన సెల్లు బలహీనమైనదాన్ని పూర్తిగా పిండేసి కారేలా చేస్తుంది.

నిల్వ విషయంలో ఫ్రిజ్ కన్నా బీరువా నయం. మామూలు గది వేడిలో ఆల్కలైన్ ఏడాదికి 2-3 శాతమే కోల్పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు పట్టే చెమ్మ వల్ల అంతకన్నా నష్టం. మన ఎండల్లో కారు డాష్‌బోర్డు, రేకుల కింది అటక అసలు పనికిరావు. ఇంట్లో పెన్సిల్ సెల్లుతోపాటు బిళ్ళ సెల్లూ దాచేవారు గుర్తుంచుకోవాలి, అది పాతదైనా పిల్లలకు అందకూడదు. మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఏ రకమో సెల్లు మీదే ఉంటుంది. ఆర్6 అంటే జింక్-కార్బన్, ఎల్‌ఆర్6 ఆల్కలైన్, హెచ్‌ఆర్6 రీఛార్జిది. సన్న సెల్లయితే 6 బదులు 03. గడియారానికి మొదటిది, బీపీ మిషన్‌కూ అత్యవసర టార్చికీ రెండోది, రోజూ వాడి తరచూ మార్చేవాటికి మూడోది. మూడూ తమ చోట మంచివే. కొనేవారికి ఆ చోటు తెలియాలంటే, తయారీదారులు బ్రాండు పేరంత స్పష్టంగా ఈ కోడ్‌నూ, అది ఏ పరికరానికి తగినదో తెలుగులోనూ ముద్రించాలి.