క్షణము నిడివి

సైనిక న్యాయస్థానమును రంగస్థలముగా గ్రహించిన నాటకకర్తకు సగము పని ముందుగనే జరిగియుండును. స్థలము ఒకటి, ప్రశ్న ఒకటి. ఎత్తైన పీఠము, దాని ఎదుట ముద్దాయి, ఇరువైపుల న్యాయవాదులు, పిలిచినంతనే వచ్చి తమకు తెలిసినంత చెప్పిపోవు సాక్షులు. ప్రవేశ నిష్క్రమణములకు కారణములు వెదకు శ్రమ లేదు. భుజములమీది గుర్తులే పాత్రల తారతమ్యమును తెలుపును. ఈ సౌకర్యములన్నిటికంటె గొప్పది మరియొకటి కలదు. విచారణకు వచ్చిన నేరము ఒక్క క్షణములో జరిగినది. తుపాకి పేలినది, మనుష్యులు కూలిరి. ఆ క్షణమున సైనికుని కన్ను ఏమి చూచినది, చెవి ఏమి విన్నది, వ్రేలు ఏల కదలినది? ఈ ప్రశ్న చుట్టును ప్రేక్షకుని రెండు గంటలు కూర్చుండబెట్టవచ్చును.

ఈ నాటకములందు ముద్దాయి పక్షమున వినవచ్చు వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఆలోచించుటకు వ్యవధి లేని చోట జరిగిన పనిని వ్యవధి గల చోట కూర్చున్నవారు కొలుచుట న్యాయమా అని అది అడుగును. చీకటిలో ఎదుటివాడు కాల్చునో కాల్చడో తెలియక నిలిచిన యువకుని భయము నిజమైన భయము. దానిని పరిహసించు విమర్శకు విలువ లేదు. కాని ఆ భయమును నమ్మించుటకు నాటకము ఏమేమి చేయుచున్నదో, ఎవరిని వేదికపైకి రానిచ్చుచున్నదో, ఎవరిని వెలుపల నిలుపుచున్నదో చూడవలసియున్నది.

ఈ కోవ రచనలలో పెద్దది మెల్విల్ రచన. ఆయన మరణానంతరము 1924లో వెలువడిన ‘బిల్లీ బడ్’ కథలో యువ నావికుడు తనపై అబద్ధపు నేరము మోపిన అధికారిని ఒక్క దెబ్బతో చంపును. నోట మాట రాక చేయి లేచినది. నౌకాధిపతి వియర్ మనస్సు ఆ యువకుని పక్షముననే ఉన్నను ఉరిశిక్షకే మొగ్గును. హెర్మన్ వోక్ తన నవలనుండి 1953లో రంగస్థలమునకు తెచ్చిన కెయిన్ నౌక కోర్టుమార్షలు నాటకములో, తుపానువేళ పై అధికారిని తొలగించిన మేరిక్ నిర్దోషిగా విడుదల యగును. అటుపిమ్మట విజయోత్సవపు విందులో న్యాయవాది గ్రీన్‌వాల్డ్ తాను గెలిపించిన పక్షమువారినే నిలదీయును. తీర్పు తరువాతి ఆ దృశ్యము లేనిచో ఆ నాటకము చతురమైన వ్యాజ్యముగా మిగిలిపోయెడిది.

ఈ వస్తువు ఎంత సులభముగా చెడునో తెలిసికొనుటకు 2000లో విలియం ఫ్రీడ్‌కిన్ దర్శకత్వమున వచ్చిన ‘రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్’ అను అమెరికను చలనచిత్రము చాలును. యెమెన్ రాజధాని సనాలో తమ రాయబార కార్యాలయమును చుట్టుముట్టిన గుంపుపై కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన కల్నల్ చైల్డర్స్ విచారణయే కథ. కాల్పులలో 83 మంది మరణింతురు. మొదట ఆ గుంపు నిరాయుధముగ కనబడును. న్యాయస్థానములో వాదము ముదిరిన పిమ్మట, కల్నల్ జ్ఞాపకములో, అదే గుంపు చేతులలో తుపాకులు మొలుచును. ఒక చిన్న బాలిక చేతిలో కూడ. అనగా సైనికుని విడిపించుటకై ఆ చిత్రము మృతులకు ఆయుధములు పంచిపెట్టినది. వారికి పేరు లేదు, మాట లేదు. తుపాకి మాత్రము దొరికినది. ఇది శిల్పదోషముతో పోవునది కాదు. తీర్పును ముందు వ్రాసికొని సాక్ష్యమును తరువాత తయారు చేయుట.

దీనికి ఎదురునడక నడచిన రచన హిందీలో కలదు. స్వదేశ్ దీపక్ వ్రాసిన ‘కోర్ట్ మార్షల్’ నాటకము 1991లో వచ్చి దేశమంతటను ప్రదర్శింపబడినది. అందు రామచందర్ అను సిపాయి తన పై అధికారులపై కాల్చినాడు. కాల్చినట్లు అతడే ఒప్పుకొనుచున్నాడు. నేరము తేలిపోయిన తరువాత నాటకమునకు ఇంకేమి పని అని అడుగవచ్చును. డిఫెన్సు న్యాయవాది కెప్టెన్ బికాస్ రాయ్ ఆ కాల్పు క్షణమును వెనుకకు లాగుచు పోవును. లాగిన కొలదియు దానివెంట కులపు పేరుతో ప్రతిదినము జరిగిన అవమానములు వచ్చును. ఒక తుపాకిగుండు వెనుక ఎంత కాలమున్నదో ప్రేక్షకునకు అప్పుడు తెలియును. దీపక్ ప్రతిభ ఇచ్చట నున్నది: అందరును క్షణమును కుదించి ముద్దాయిని కాపాడజూచుచుండగా, ఈయన దానిని సాగదీసి కాపాడినాడు. అయితే ఈయన ముద్దాయి కాల్చినది బలవంతులను. కాల్చబడినవారు బలహీనులైనచో క్షణమును ఏ వైపునకు సాగదీయవలెను? ఈ ప్రశ్నకు ఆ నాటకములో తావు లేదు.

తెలుగు రచయితకు ఈ ప్రశ్న పొరుగునుండియే వచ్చుచున్నది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బీజాపూర్ జిల్లాలో, ఒకనాటి బస్తరు సంస్థానపు సీమలో, తాలపేరు ఒడ్డున బాసగూడ యున్నది. ఆ నీరే దిగువకు వచ్చి తాలిపేరు అను పేరుతో చర్ల పొలములను తడిపి గోదావరిలో కలియును. ఆ ప్రాంతపు సంతలలో దోర్లీ, గోండీ భాషలతోపాటు తెలుగును వినబడును. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిదప ఆ చుట్టుప్రక్కల పల్లెలు ఖాళీయై, ఎన్నో కుటుంబములు నాటి ఖమ్మం జిల్లాకు తరలివచ్చినవి.

ఆ బాసగూడకు చేరువనున్న సార్కెగూడలో 2012 జూన్ 28వ తేదీ రాత్రి సార్కెగూడ, కొత్తగూడ, రాజపెంట గ్రామములవారు ఒకచోట కూడియుండగా కేంద్ర రిజర్వు పోలీసుదళము, రాష్ట్ర పోలీసులు కలిసి జరిపిన కాల్పులలో 17 మంది మరణించిరి. వారిలో పదునెనిమిదేండ్లు నిండనివారు కూడ కలరు. దళములవారిలో ఆరుగురు గాయపడిరి. మావోయిస్టులే ముందు కాల్చిరని దళముల కథనము. బీజపండుమును గూర్చి మాటలాడుకొనుటకు కూడితిమని గ్రామస్థుల కథనము. ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వము విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ వి. కె. అగర్వాల్‌తో విచారణ కమిషనును నియమించినది. ఆ నివేదిక 2019లో వెలువడి డిసెంబరులో శాసనసభ ముందునకు వచ్చినది. కేంద్ర రిజర్వు పోలీసుదళము సైన్యము కాదు. సైనిక చట్టము దానికి వర్తింపదు. కావున నాటకకర్తలు కోరుకొను కోర్టుమార్షలు ఇచ్చట లేదు. ఉన్నది ఏడేండ్ల విచారణ, ఒక నివేదిక.

ఆ నివేదికను సాహిత్య విమర్శకుడు చదువదగిన గ్రంథముగా చదివినచో మొదట కంటబడునది భయమును గూర్చిన ఊహ. మరణించినవారు మావోయిస్టులని ఋజువు కాలేదని, గ్రామస్థులు కాల్చినట్లు సాక్ష్యము లేదని, దళములు పొరపాటు తలంపుతో భయోత్పాతమున కాల్చియుండవచ్చునని కమిషను అభిప్రాయపడినది. దళములవారి గాయములు చీకటిలో తమవారి గుండ్లవలననే తగిలియుండవచ్చుననియు చెప్పినది. ఇంతవరకు ఇది ఫ్రీడ్‌కిన్ నుండి తప్పించి, మంచి రచయిత చేతికి ఈయదగిన వస్తువు. చీకటి, వర్షర్తువు, అలికిడి, తన చప్పుడునకు తానే బెదరిన దళము. ఇందు దుష్టుడు అక్కరలేదు.

కాని నివేదిక అచ్చట ఆగలేదు. కాల్పులు దగ్గరనుండి జరిగినవని, కొందరి దేహములపై గుండుదెబ్బలు కాక కొట్టిన దెబ్బలును ఉన్నవని, ఒకని మరణము ఆ రాత్రి కాక మరునాటి ఉదయము సంభవించినదని అందులోనే కలదు. భయోత్పాతమను మాట మొదటి గుండునకు సమాధానము చెప్పును. రెండవదానికిని చెప్పునేమో. తుపాకిమడమతో కొట్టుటకు మనిషి దగ్గరకు నడచి పోవలెను. నడచునంత సేపును కన్నులు చూచుచునే యుండును. తెల్లవారిన పిదప చంపుటకు రాత్రి గడువవలెను. ఈ క్షణము నిడివి ఎంత? ఎచ్చట ముగిసినది? ముద్దాయి న్యాయవాది దీనిని అడుగడు. అడుగకుండుట అతని వృత్తిధర్మము. నాటకకర్తకు అట్టి వృత్తిధర్మము లేదు.

ఆ జిల్లాలోనే ఎడెస్మెట్టలో 2013 మే 17వ తేదీ రాత్రి ఎనిమిదిమంది గ్రామస్థులు, ఒక దళసభ్యుడు మరణించిరి. అదే న్యాయమూర్తి నివేదిక 2022లో సభ ముందునకు వచ్చినది. అచ్చట పేలిన 44 గుండ్లలో 18 ఒక్క కానిస్టేబులు కాల్చినవి. మరణించిన దళసభ్యుడును అతడే, తోటివారి గుండు తగిలి. సార్కెగూడకంటె ఇది విషాదనాటకమునకు దగ్గరి వస్తువు. అతడు బ్రతికియుండి బోనులో నిలిచినచో ఏమి చెప్పియుండునో ఊహించుట రచయితకు తగిన పని. రెండు సంఘటనలను ఒక్క మాటతో కట్టివేయుట మాత్రము తగదు. ఒకదానిలో భయము చాలవరకు కథను మోయగలదు. రెండవదానిలో తెల్లవారునప్పటికి అది అలసిపోవును.

పొరబడినవానిని చట్టము క్షమించు సందర్భములు లేకపోలేదు. ఒడిషాలోని రసగోవింద్‌పూర్‌లో పాడుపడిన విమానాశ్రయమువద్ద, అర్ధరాత్రి చెట్టుక్రింద కదలు వెలుగును చూచి దయ్యములని భ్రమించిన రామ్ బహదూర్ థాపా కుక్రీతో దూకి నరికినాడు. అచ్చట నుండినవారు లాంతరు పెట్టుకొని ఇప్పపూవు ఏరుకొనుచున్న ఆదివాసీ స్త్రీలు. ఒకామె మరణించినది. అతడు సద్భావముతోనే పొరబడెనని నాటి శిక్షాస్మృతి 79వ విభాగము క్రింద ఒడిషా ఉన్నత న్యాయస్థానము 1959లో విడుదలను స్థిరపరచినది. న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇది కంఠస్థమైన వ్యాజ్యము. తీర్పు చట్టమునకు సమ్మతమే. అయినను ఆ వ్యాజ్యములో ఇప్పపూవు ఏరుకొను స్త్రీకి దయ్యము పాత్ర తప్ప వేరొకటి దొరకలేదు. కథకుడు మొదలుపెట్టవలసినది ఆ లాంతరు వద్ద.

ఈ విధముగా మొదలుపెట్టిన కథ భారతీయులకు క్రొత్తది కాదు. అయోధ్యాకాండమున దశరథుడు చీకటిలో సరయూతీరమున, వానకాలమున, కుండ మునుగు చప్పుడును ఏనుగు ధ్వనియని శబ్దవేధి బాణము వేసినాడు. ఇంతకంటె క్షణికమైన నిర్ణయము లేదు. కాని ఆదికవి ఆ క్షణమును ఎంత దూరము సాగదీసినాడో చూడవలెను. దెబ్బతిన్న మునికుమారుడు మాటలాడును; తానెవరికి ఏమి అపకారము చేసెనని అడుగును; అంధులైన తల్లిదండ్రులయొద్దకు పొమ్మని త్రోవ చూపును. రాజు ఆ కుండ నింపుకొని తానే పోయి తానే చెప్పును. తెలియక చేసితివి కావున, నీవే వచ్చి చెప్పితివి కావున బ్రతికితివని తండ్రి అనును. అనగా పొరపాటను వాదము అచ్చటను చెల్లినది. నేటి న్యాయశాస్త్రము ఇచ్చునంత మినహాయింపును ఆ వృద్ధుడు ఇచ్చినాడు. అయినను శాపము మిగిలినది. ఏండ్లు గడచి, రాముడు అడవికి పోయిన ఆరవ రాత్రి, ఈ కథయంతయు దశరథుని నోటనే కౌసల్యకు వినబడును. అటుతరువాత అతడు బ్రతుకలేదు. ఇచ్చట చంపినవాడు, చచ్చినవాడు, చచ్చినవాని తల్లిదండ్రులు, నలుగురును మాటలాడిరి. పైన చెప్పిన పడమటి రచనలలో ఒక్కదానియందైనను ఇంతమందికి నోరు లేదు.

మృచ్ఛకటికము తొమ్మిదవ అంకములో న్యాయాధికారి నిజము నిర్ణయించుటవరకే తన పని యని, తక్కినది రాజుదని తెలిసి కూర్చున్నవాడు. 1952 నాటి విచారణ కమిషనుల చట్టము క్రింద కూర్చున్న న్యాయమూర్తి స్థితియు ఇంచుమించు అదియే. శిక్షించు అధికారము లేదు. ఆయన యెదుట సాక్షి చెప్పిన మాట ఆ సాక్షిపైననే వ్యాజ్యములో ప్రయోగించుటకు, తప్పుడు సాక్ష్యపు నేరమునకు తప్ప, వీలు లేదు. తీర్పుతో తెర వేయుట అలవాటైన నాటకకర్త ఇచ్చట చిక్కుపడును. శూద్రకుడు చిక్కుపడలేదు. ఆయన తరువాతి అంకమును వధ్యస్థానమువద్ద పెట్టినాడు.

కాల్చని క్షణమును విచారించిన న్యాయస్థానములును కలవు. 1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధులైన జనముపై కాల్చుటకు చంద్రసింగ్ గఢ్వాలీయు, అతని తోటివారును నిరాకరించిరి. అతనికి యావజ్జీవ శిక్ష పడినది. 1941లో గాని విడుదల కాలేదు. ఆలోచించుటకు అతనికిని వ్యవధి లేదు. ఆ మాట అతనికి రక్షణ కాలేదు.

తెలుగులో న్యాయస్థానమును లోపలినుండి ఎరిగి వ్రాసినవారిలో రాచకొండ విశ్వనాథశాస్త్రి ముందు నిలుచును. సారా కథలలో ఆయన పోలీసును రాక్షసునిగా చేయక, పెద్దలకు భయపడువానిగా చూపి, ఆ భయమే పేదవానిపై దెబ్బగా ఎట్లు మారునో చూపినారు. బాసగూడ వస్తువును చేపట్టువానికి ఆ దృష్టి పనికివచ్చును. న్యాయస్థానపు గది మాత్రము విశాఖపట్నపు కోర్టుగది కాజాలదు. అచ్చట సాక్షి మాట్లాడు భాష వేరు, వ్రాసికొను గుమాస్తా భాష వేరు, నివేదిక భాష వేరు. రాత్రి, తెల్లవారుజాము, ఉదయము అను మూడు మాటల నడుమ ఈ కథలో ఒక మనిషి ప్రాణమున్నది. అవి ఒక భాషనుండి మరియొక భాషకు పోవునప్పుడు ఏ గడియ ఏ గడియగా మారెనో ప్రేక్షకునకు వినబడవలెను. పైన పేర్కొన్న న్యాయస్థాన రచనలన్నిటను న్యాయాధిపతికి, న్యాయవాదికి, ముద్దాయికి, సాక్షికి ఆసనములున్నవి. దుబాసీకి మాత్రము ఎవరును ముక్కాలిపీటయైన వేయలేదు.