ఆటగాణ్ణి పట్టే కన్ను

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు పంజాగుట్ట టీ కొట్ల దగ్గర ఫుట్‌బాల్ జట్టు జాబితా మీద వాదించుకుంటుంటే ముచ్చటేస్తుంది. ఎవరెన్ని గోల్స్ కొట్టారన్నదే వాళ్ల లెక్క. ఆటగాళ్లను ఏరేవాడి లెక్క వేరు. బంతి కాలికి అందకముందే కుర్రాడు భుజం మీదుగా వెనక్కి చూశాడా? వాటం లేని కాలితో పాస్ ఇవ్వగలడా?

ఈ విద్యలో మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీంకు సాటి లేరు. ఆయన బడిపంతులు, భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్. వాటం లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సత్తా పసిగట్టి, ప్రాక్టీసుకు రమ్మని సైకిల్ అద్దె డబ్బులూ తానే ఇచ్చారు. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దింపారు. ఎంత తెగువ! ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది.

అలాంటి కన్నున్న కోచ్‌లు మన బస్తీ మైదానాల్లో ఇప్పటికీ ఉన్నారు. జాబితా రాసేముందు జట్ల యాజమాన్యాలు వాళ్లనోసారి అడగాలి.